బిళ్ల అంచు మీది మాట

మా ఇంట్లో ఒక బిళ్ల ఉంది. అరచేతి గుంటలో ఒదిగిపోయేంత, రాగి రంగుది. ఒకవైపు ఐదో జార్జి రాజు తల. రెండోవైపు గుర్రం మీద బట్టల్లేని యువకుడు, గుర్రం కాళ్ల కింద డేగ గుర్తున్న డాలు, పుర్రె, ఎముకలు, 1914, 1918 అన్న రెండు సంవత్సరాలు. తాతయ్య ట్రంకు పెట్టెలో పాత దస్తావేజుల కింద గుడ్డలో చుట్టి ఉండేది. పండగలకు అందరం కలిసినప్పుడు పిల్లలం అడిగితే బయటికి తీసేవారు. మేము దాన్ని యుద్ధం బిళ్ల అనేవాళ్లం. గుర్రం మీద ఉన్నది మా ముత్తాతే అని పదేళ్లు వచ్చేదాకా నేను నమ్మాను.

నమ్మింది నేనొక్కదాన్నే కాదు. తాతయ్య తన తండ్రి గురించి చెప్పినది ఒకే ఒక్క వాక్యం: "మా నాయన దండులో పని చేశాడు." మా నాన్న దగ్గరికి వచ్చేసరికి అది గుర్రపు దండు అయింది. బాబాయి దగ్గర ముత్తాత సవారు, అంటే గుర్రపు సిపాయి, అయ్యాడు, మరికొన్నేళ్లకు అంతకన్నా పై హోదా, దఫాదారు అయ్యాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. బొమ్మ కళ్లెదుట ఉంది, మాట అరకొరగా ఉంది, మిగిలినదాన్ని ప్రేమ పూరించింది. తరానికో మెట్టు చొప్పున ఆయన హోదా పెరుగుతూ వచ్చింది.

అంచును మాత్రం వందేళ్లలో ఎవరూ చదవలేదు.

నాలుగేళ్ల కిందట ఒక మధ్యాహ్నం ఎండలో కూర్చుని, భూతద్దం పెట్టి చదివాను. ఇది బ్రిటిష్ వార్ మెడల్. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లకోసం 1919లో ప్రకటించారు. అందుకున్న మనిషి నంబరు, హోదా, పేరు, దళం అంచు మీద ముద్రించి ఇచ్చేవారు. మా బిళ్ల మీద నంబరులో రెండు అంకెలు అరిగిపోయాయి. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో కూలీ అన్న మాట ఉంది. ఆ తర్వాత పేరు. చివర లేబర్ కోర్, అంటే కూలీ దళం, అని ఉంది.

కూలీ అన్న మాటకన్నా ఆ పేరు దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. ఇంట్లో మా ముత్తాత పేరు "అయ్య"తో ముగుస్తుంది. పెళ్లి శుభలేఖల్లో, పొలం కాగితంలో, తాతయ్య నోట్లో అలాగే ఉంది. అంచు మీద అదే పేరు "గాడు"తో ముగిసింది. తనకు ఎదురుగా నిలబడిన మనిషిని ఏ గుమాస్తా ఎలా చూశాడో, ఎలా పిలిచాడో ఆ రెండక్షరాలు చెప్పేశాయి. ఆ పేరే ఓడెక్కింది, ఆ పేరుకే జీతం వచ్చింది, ఆ పేరునే రాజుగారి తల బొమ్మ వేసిన లోహం మీద అచ్చు గుద్దారు. పతకం ఇచ్చేటప్పుడైనా ఆ గాడును తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు.

లోహం సంగతి కూడా చెప్పాలి. ఈ పతకాన్ని దాదాపు 65 లక్షల మందికి వెండితో చేసి ఇచ్చారు. సుమారు 1,10,000 మందికి మాత్రం కంచుతో చేసి ఇచ్చారు. ఆ కంచువి అందుకున్నవాళ్లు చైనా, మాల్టా, భారతదేశం మొదలైన చోట్ల నుంచి వెళ్లిన కూలీ దళాలవాళ్లు. "అసలుది వెండిది, ఎవరో మార్చేసి రాగిది పెట్టారు" అని బాబాయి చాలాకాలం అనేవారు. ఎవరూ మార్చలేదు. కంచుది కావడం వల్లే అది మా దాకా వచ్చిందని నాకు అనిపిస్తుంది. వెండి పతకాలు కష్టకాలంలో కరిగి పట్టీలయ్యాయి, మొలతాళ్లయ్యాయి. కంచు బిళ్లను కంసాలి కొనడు.

ఈ సంగతి చెప్పినప్పుడు ఇంట్లో సంతోషించినవాళ్లు ఎవరూ లేరు. బాబాయి బిళ్లను తీసుకుని, అంచు వైపు చూడకుండా, గుడ్డలో చుట్టి పక్కన పెట్టేశారు. "ఇంతకాలం తెలియకుండా ఉన్నది ఇప్పుడు తెలుసుకుని ఏం సాధించావమ్మా?" అన్నారు. ఆయన్ను తప్పుపట్టలేను. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నా మొదటి జవాబు నా పొరపాటు నుంచే మొదలవుతుంది. అంచు చదవకముందు నేను కూడా అందరిలాగే పేరు పట్టుకుని వెతికాను. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో మా ముత్తాత పేరుకు దగ్గరగా ఉన్న ఒక పేరు దొరికింది. మద్రాసు వైపు మనిషి, మెసొపొటేమియా (ఇప్పటి ఇరాక్), 1917. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లో అందరికీ ఫోను చేసి చెప్పాను. మర్నాడు పొద్దున నాన్న నెమ్మదిగా అడిగారు: "మరి 1917లో చనిపోయినవాడికి మా మేనత్త 1930లో ఎలా పుట్టింది?" ఆ జాబితా చనిపోయినవాళ్లది. మా ముత్తాత ఇంటికి తిరిగివచ్చి, సేద్యం చేసి, పిల్లల్ని కని, మంచంలో కన్నుమూశాడు. నేను ఉత్సాహంలో వేరే తల్లి కన్న బిడ్డను మా వంశంలో చేర్చేశాను. ఆ బిడ్డ కోసం ఎదురుచూసిన ఇల్లు మరెక్కడో ఉండి ఉంటుంది.

ఆ తప్పు నాకు నేర్పినది చాలా ఉంది. సైనిక రికార్డు మన ఇంటి జ్ఞాపకం కోసం పుట్టలేదు. ప్రభుత్వం తనకు అవసరమై రాసుకుంది. దాని అవసరాలు ముఖ్యంగా రెండు: ఎవరికి డబ్బు చెల్లించాలి, ఎవరు చనిపోయారు. పింఛను వచ్చినవాడి కాగితం నిలుస్తుంది. ప్రాణం పోయినవాడి పేరు ఎక్కడో ఒకచోట చేరుతుంది. ప్రాణంతో తిరిగివచ్చి, పింఛను లేక, తన పొలంలోకి నడిచివెళ్లిపోయిన మనిషి కాగితం మీద నుంచి కూడా నడిచివెళ్లిపోతాడు. ఇది పాతకాలపు సంగతే అనుకోకండి. పింఛను రాని సిపాయి సేవా పత్రాలను 25 ఏళ్లు ఉంచి తర్వాత ధ్వంసం చేయడం స్వతంత్ర భారత సైన్యంలోనూ ఉన్న పద్ధతే. మీ తాతగారు కొద్దికాలమే పనిచేసి పింఛను లేకుండా బయటికి వచ్చి ఉంటే, ఇంట్లో మిగిలిన డిశ్చార్జి పుస్తకమే ఆయన గురించిన ఆఖరి కాగితం కావచ్చు. దాన్ని లామినేషన్ చేయించకండి, ఆ వేడికి, జిగురుకు పాత కాగితం పాడవుతుంది. ఫోటో తీసి, శుభ్రమైన కాగితపు కవరులో పెట్టండి.

కాగితానికి కూడా కులం ఉంది, రంగు ఉంది, హోదా ఉంది. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డులున్నాయి. భారత సైన్యంలో పనిచేసిన బ్రిటిష్ అధికారి గురించి అడిగితే ఎప్పుడు చేరాడో, ఎప్పుడు సెలవు పెట్టాడో, ఏ భాషలో పరీక్ష పాసయ్యాడో కూడా అవి చెబుతాయి. అదే దళంలోని సిపాయి గురించి అడిగితే అలాంటి వివరాలు లేవు. సిపాయిల పత్రాలు వారి రెజిమెంట్ల దగ్గరే ఉండిపోయేవి. రెజిమెంటు రద్దయితే వాటి గతి ఏమిటో ఊహించుకోవచ్చు. పాత మద్రాసు రెజిమెంటు పటాలాలను పొదుపు పేరుతో 1920ల్లో రద్దు చేశారు. మళ్లీ మద్రాసు రెజిమెంటు లేచి నిలబడింది రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో.

సిపాయిదే ఇలా ఉంటే కూలీ సంగతి చెప్పనక్కర్లేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో భారతదేశం నుంచి సైన్యంలో చేర్చుకున్నవాళ్లు 14 లక్షల పైచిలుకు. వాళ్లలో ఆయుధం పట్టినవాళ్లు సుమారు 8 లక్షల 77 వేలు. మిగతా 5 లక్షల 63 వేల మంది మోతకూలీలు, కంచరగాడిదలను తోలేవాళ్లు, వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, పాకీ పనివాళ్లు, చాకళ్లు, స్ట్రెచర్లు మోసేవాళ్లు. సైన్యం వాళ్లందరినీ కలిపి ఫాలోయర్లు అంది, వెంట నడిచేవాళ్లు అని. ఈ లెక్క చూశాక నాకు కళ్లు తెరుచుకున్నాయి. అంటే ఆ యుద్ధానికి వెళ్లిన ప్రతి ఐదుగురు భారతీయుల్లో ఇద్దరు తుపాకీ పట్టలేదు. మరి మన కుటుంబ కథల్లో అందరూ తుపాకీ పట్టినవాళ్లే ఎలా అయ్యారు?

తెలుగు ఇళ్లకు ఈ ప్రశ్న మరీ దగ్గరిది. పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీ సైన్యంలో తెలుగువాళ్లు ఎంతగా ఉండేవారంటే, బెంగాలు వైపు సిపాయి అన్న ప్రతివాణ్నీ "తిలంగా" అనేవారు. తర్వాత గాలి మారింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, తర్వాత మొత్తం భారత సైన్యానికి సేనాధిపతి అయ్యాడు. దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని, పంజాబు, నేపాలు వైపువాళ్లే వీరజాతులని ఆయన గట్టిగా నమ్మాడు, ఆ నమ్మకం ప్రకారమే సైన్యాన్ని మార్చాడు. 1914 వచ్చేసరికి తెలుగు యువకుడికి తుపాకీ దొరకడం కష్టమైంది. బరువు మాత్రం సులువుగానే దొరికింది. మన ముత్తాతల్లో చాలామంది కూలీ దళాల్లో కనిపించడానికి పిరికితనం కారణం కాదు. ఎవరి చేతికి ఏది ఇవ్వాలో ముందే ఎవరో నిర్ణయించేశారు.

పంజాబులో ఆ నిర్ణయం వేరుగా ఉంది కాబట్టి కాగితం కూడా వేరుగా మిగిలింది. అక్కడి ఊళ్ల నుంచి యుద్ధానికి వెళ్లినవాళ్ల పట్టికలు లాహోరు మ్యూజియంలో 97 ఏళ్లు పడి ఉన్నాయి. 26 వేల పేజీలు, సుమారు 3,20,000 మంది. వాటిని డిజిటల్ రూపంలోకి తెచ్చి 2021 నుంచి జనానికి అందిస్తున్నారు. ఊరు పేరు కొడితే తండ్రి పేరు, కులం, దళం కనిపిస్తాయి. దాన్ని చూసినప్పుడు నాకు ఆనందం, అసూయ ఒకేసారి కలిగాయి. మన జిల్లాలకు అలాంటి పట్టిక నా కంట పడలేదు.

చనిపోయినవాళ్లకైనా న్యాయం జరిగిందా అంటే, అదీ సగమే. నేను మొదట వెతికిన జాబితా కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్‌ది కదా, 1917లో ఆ కమిషన్ ఏర్పడినప్పుడు, హోదా, మతం తేడా లేకుండా అందరినీ ఒకేలా స్మరిస్తామన్నది దాని సూత్రం. 1929లో బస్రాలో స్మారకం ఆవిష్కరించారు. మెసొపొటేమియాలో చనిపోయి సమాధి తెలియనివాళ్లు 40 వేల మందికి పైగా దాని లెక్కలో ఉన్నారు. బ్రిటిష్ సైనికుల పేర్లు రాతి మీద చెక్కారు. భారతీయ అధికారుల పేర్లూ చెక్కారు. సాధారణ భారతీయ సిపాయిల దగ్గరికి వచ్చేసరికి రెజిమెంటు పేరు కింద ఒక సంఖ్య వేసి సరిపెట్టారు. 2021లో ఆ కమిషనే ఒక నివేదిక ప్రచురించి తప్పు ఒప్పుకుంది. చనిపోయినవాళ్లలో, ముఖ్యంగా తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు ప్రాంతాలకు చెందినవాళ్లలో, కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరణే లేదని అందులో ఉంది. ఆ నివేదిక చదువుతున్నప్పుడు మా బిళ్ల నా బల్ల మీదే ఉంది. రాతి మీద పేరు దక్కని లక్షల మంది ఉండగా మా ఇంట్లో ఒక పేరు లోహం మీద ఉంది. గాడు అని ఉంటే ఉండనీ, పేరంటూ ఉంది.

ఇలా చెబితే ఇక వెతికి లాభం లేదని అర్థం చేసుకోవద్దు. వెతికే దారి మార్చుకోవాలి. నా అనుభవంలో మనిషిని వెతికితే దొరకడు, దళాన్ని వెతికితే దొరుకుతుంది. దళం ఎక్కడుందో తెలిస్తే మన మనిషి ఏ ఎండలో నిలబడ్డాడో తెలుస్తుంది.

దళం పేరు తెలుసుకోవడానికి పతకం అంచును మించిన ఆధారం లేదు. రెండో ప్రపంచ యుద్ధం పతకాలను బ్రిటిష్ సైనికులకు పేరు లేకుండానే ఇచ్చారు, భారతీయ సైనికులకు మాత్రం పేరు వేసి ఇచ్చారు. కాబట్టి మీ ఇంట్లో బర్మా స్టార్ లాంటి నక్షత్రం ఉంటే వెనక్కి తిప్పి చూడండి, గుండ్రటి పతకమైతే అంచు చూడండి. పాలిష్ పెట్టి తోమకండి, తోమిన కొద్దీ అక్షరాలు పోతాయి. మా నంబరులో రెండు అంకెలు అలాగే పోయాయని నా అనుమానం. చింతపండుతో తోమి మెరిపించిన చేతులు ఎవరివో నాకు తెలుసు, ఆ చేతుల మీద నాకు కోపం లేదు.

దళం తెలిశాక యుద్ధ డైరీలు ఉన్నాయి. యుద్ధరంగంలోని ప్రతి దళమూ రోజువారీ డైరీ రాయాలి. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న బ్రిటన్ జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్) మొదటి ప్రపంచ యుద్ధం డైరీలు డబ్ల్యూఓ 95 అన్న వరుసలో ఉన్నాయి, చాలావాటిని ఇంట్లో కూర్చునే చదవవచ్చు. మన దేశానికి సంబంధించిన సైనిక శాఖ కాగితాలు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి, వాటి జాబితాను అభిలేఖ్ పటల్ అన్న పోర్టల్‌లో వెతకవచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు అభిలేఖాగారంలో ఉన్నాయి. నిజాం రాజ్యపు మనిషి అయితే దారి పూర్తిగా వేరు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారానికి వెళ్లాలి, ఫారసీ, ఉర్దూ చదవగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లాలి. నిజాం తరఫున వెళ్లిన లాన్సర్ల దళం ఈజిప్టు, పాలస్తీనాల్లో పనిచేసింది. ఢిల్లీలో తీన్ మూర్తి దగ్గర నిలబడి ఉన్న మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాదు లాన్సర్లకు గుర్తు. అక్కడ ఫోటో దిగే మనవాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో అనిపిస్తుంది.

జిల్లా పేరు దగ్గర చాలామంది దెబ్బతింటారు. శ్రీకాకుళం జిల్లా అని వెతికితే 1950కి ముందు ఏమీ రాదు, అప్పటికి ఆ జిల్లా పుట్టలేదు. 1914లో ఆ మనిషి గంజాం జిల్లావాడో, విశాఖపట్నం జిల్లావాడో అయి ఉంటాడు. ప్రకాశం జిల్లా 1970లో వచ్చింది, కాబట్టి అక్కడి పూర్వీకుణ్ని నెల్లూరులోనో, గుంటూరులోనో, కర్నూలులోనో వెతకాలి. పేర్లు ఇంకా పెద్ద చిక్కు. సుబ్బయ్య అన్న పేరును ఇంగ్లీషులో రాయమంటే ఆ కాలపు గుమాస్తాలు పది రకాలుగా రాసేవారు. మద్రాసు గుమాస్తా చేతిలో స్వామి సామి అవుతాడు. ఇంటిపేరు ఉండకపోవచ్చు, తండ్రి పేరే ఇంటిపేరుగా మారిపోవచ్చు. పేరును చెవితో వెతకాలి, కంటితో కాదు. ఇంగ్లీషు స్పెల్లింగును పైకి చదివి, మన ఊళ్లో ఎవరిని అలా పిలుస్తారో ఆలోచించాలి.

ఊళ్లోనే ఆధారం ఉండే అవకాశమూ ఉంది. యుద్ధం తర్వాత ప్రభుత్వం చాలా గ్రామాల్లో చిన్న పాలరాతి ఫలకాలు పెట్టించింది. ఈ గ్రామం నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్లారు, వారిలో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని మాత్రమే ఉంటుంది. పేర్లు ఉండవు. పాత చావడి గోడలోనో, బడి గోడలోనో, సున్నం కింద మునిగిపోయి ఉంటుంది. పశ్చిమ గోదావరిలో మాధవరం ఊరు ఈ చరిత్రను గర్వంగా నిలబెట్టుకుంది, జనం దాన్ని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. మిగతా ఊళ్లలో ఆ ఫలకం మీద ఎవరైనా సున్నం గీరి చూస్తే బాగుండును.

ఇప్పుడు మా ఇంటి దగ్గరికి వస్తాను. లేబర్ కోర్ అన్న మాట దొరికినా ఏ దేశమో అంచు చెప్పలేదు. భారతీయ కూలీ దళాలు ఫ్రాన్సుకూ వెళ్లాయి, మెసొపొటేమియాకూ వెళ్లాయి. అక్కడ ఆగిపోయాను. ఒక రికార్డు కార్యాలయానికి రాసిన రెండు ఉత్తరాలకు జవాబు రాలేదు. ఏడాది గడిచింది.

దారి చూపింది మా తాతయ్య చెల్లెలు, మేమందరం చిన్న నాన్నమ్మ అని పిలిచే ఆవిడ. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ మాట ఒకటి మా ఇంట్లో మిగిలింది: "మా నాయన పెళ్లికి ముందు ఓడెక్కి బాసర వెళ్లొచ్చాడు." బాసర అంటే సరస్వతీదేవి గుడి ఉన్న బాసర అనే అందరం అనుకున్నాం. కోస్తా ఊళ్లో పుట్టి చదువురాని మనిషి అంత దూరం సరస్వతి దర్శనానికి వెళ్లాడంటే ఎంత భక్తో అనుకున్నాం. ఓడ ఎందుకెక్కాడంటే, గోదావరి మీద లాంచీ అయి ఉంటుందని పెద్దవాళ్లు సర్దిచెప్పారు. ఇంకొకటి, ఆయన జన్మలో ఖర్జూరం ముట్టలేదట. కాశీకి వెళ్లినవాళ్లు కాయో పండో వదిలివచ్చినట్టు, బాసరలో అమ్మవారి ముందు ఖర్జూరం వదిలివచ్చాడని ఇంట్లో చెప్పుకునేవారు.

మెసొపొటేమియా గురించిన ఒక పుస్తకంలో బస్రా అన్న మాట చదివిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తు. పైకి చదివాను. మళ్లీ చదివాను. చిన్న నాన్నమ్మ గొంతు వినిపించింది.

ఖర్జూరపు తోటల ఊరు అది. 1916లో అక్కడి రేవు పరిస్థితి ఘోరంగా ఉండేది. సముద్రపు ఓడలు ఆనుకునేందుకు సరైన గట్టు లేదు. ఓడలు షత్ అల్ అరబ్ నది నడుమ లంగరు వేసి వారాల తరబడి కాచుకుని ఉంటే, సరుకంతా నాటు పడవల్లోకి దించి, ఒడ్డుకు చేర్చి, బురదలో మోసేవారు. మందులు అందక, పడవలు చాలక గాయపడినవాళ్లు ఎలా చనిపోయారో 1917లో మెసొపొటేమియా కమిషన్ నివేదిక బయటపెట్టింది. ఆ దెబ్బకు లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లెయిన్ రాజీనామా చేశాడు. అంతకు ముందే, 1916 ఏప్రిల్ 29న, కుట్ అనే ఊళ్లో ముట్టడికి చిక్కిన బ్రిటిష్ ఇండియా సైన్యం తుర్కులకు లొంగిపోయింది. సుమారు 13 వేల మంది బందీలయ్యారు. అందులో 3 వేల మందికి పైగా ఫాలోయర్లే. మనుషులు చాలకపోతే ప్రభుత్వం జైళ్లు తెరిచింది. శిక్ష తగ్గిస్తామని చెప్పి వేల మంది ఖైదీలను మోతకూలీలుగా, పాకీ పనివాళ్లుగా మెసొపొటేమియాకు పంపింది. వెతకడం మొదలుపెట్టినవాళ్లు ఇలాంటి సంగతికి కూడా సిద్ధపడాలి. నేను సిద్ధపడ్డాను. మా ముత్తాత అలా వెళ్లాడో లేదో ఏ కాగితమూ చెప్పలేదు.

నేను జాగ్రత్తగా చెప్పదలచుకున్నది ఇదే. బిళ్ల మీద ఉన్నది కూలీ, లేబర్ కోర్. అది రుజువు. బాసర అన్నది బస్రా కావడం నా ఊహ. చాలా బలమైన ఊహే, ఓడ సాక్ష్యం కూడా ఉంది, అయినా ఊహే. ఖర్జూరం ముట్టకపోవడానికి కారణం అసలు తెలియదు. ఆకలికి అవే తిని విసిగిపోయాడా, పక్కన ఎవరైనా చనిపోయారా, నిజంగానే మొక్కుకున్నాడా? నా కుటుంబ చరిత్ర నోటుపుస్తకంలో ఈ మూడింటినీ మూడు వేరువేరు పేజీల్లో రాశాను. మొదటి పేజీ నల్ల సిరాతో, రెండోది పెన్సిల్‌తో. మూడో పేజీలో చిన్న నాన్నమ్మ వాక్యం ఉన్నదున్నట్టు రాసి, కింద ఏమీ రాయలేదు.

ఆ ఖాళీ పేజీ కోసమే నా పోట్లాట. మా తమ్ముడు, బాబాయి కొడుకు, మొన్న సంక్రాంతికి కంప్యూటర్‌తో ఒక బొమ్మ తయారు చేసి తెచ్చాడు. తలపాగా, బల్లెం, మెలితిప్పిన మీసం, నురగలు కక్కే గుర్రం. ముఖం తాతయ్య ఫోటో నుంచి తీసుకున్నాడట. పాత ఫోటోలాగా గోధుమ రంగు, అంచుల్లో చిరుగులు కూడా పెట్టాడు. చాలా అందంగా ఉంది. ఇంట్లో అందరూ ఫోనుల్లో దాచుకున్నారు. నాకు భయమేసింది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ బొమ్మను చూసే పిల్లకు అది ఎవరి ఊహో చెప్పేవాళ్లు ఉండరు. ఆయనకు నిజమైన ఫోటో ఒక్కటీ లేదు కాబట్టి ఇదే ఆయన ముఖం అవుతుంది. బురదలో బస్తా మోసిన మనిషి రెండోసారి మాయమవుతాడు. మొదటిసారి ప్రభుత్వం రాయక మాయమయ్యాడు, ఈసారి మనం వేరే మనిషిని గీసి మాయం చేస్తాం.

ప్రేమతో చేశాడు కదా అంటారు. నిజమే. కానీ సవారు అయితేనే తలెత్తుకుంటామని, కూలీ అయితే దించుకుంటామని ఆ బొమ్మ లోలోపల అంటోంది. రాబర్ట్స్ దొర అన్నదీ అదే కదా. ఆయన తూకంతోనే మన పెద్దవాణ్ని మనం ఎందుకు తూచాలి? వెనక నుంచి వచ్చే తిండి గింజ, తూటా పెట్టె, మందు సీసా ప్రతిదీ ఎవరో ఒకరు వీపు మీద మోస్తేనే ముందు వరసకు చేరింది. ఇంగ్లండులో 1940లో బాంబు పడి మొదటి యుద్ధం సైనికుల పత్రాల్లో సగానికి పైగా కాలిపోయాయి. అమెరికాలో 1973లో సెయింట్ లూయిస్ కేంద్రం అంటుకుని కోటీ 60 లక్షలకు తక్కువ కాకుండా ఫైళ్లు బూడిదయ్యాయి. ఆ కుటుంబాలు పోయినదాని కోసం బాధపడతాయి. మనలాంటి వాళ్లకు పోవడానికి కూడా ఫైలు లేదు. ఉన్నది అంచు మీద నాలుగు మాటలు. వాటిని చెరిపి బొమ్మ అంటించడానికి నేను ఒప్పుకోను.

ఈ మాటలన్నీ బాబాయితో అన్నాను, ఇంత సర్దిగా కాకపోయినా అన్నాను. ఆయన ఆ రోజు ఏమీ మాట్లాడలేదు.

నెల కిందట బిళ్లను అద్దాల పెట్టెలో పెట్టించి హాల్లో గోడకు తగిలిద్దామని నాన్న అన్నారు. కింద ఇత్తడి రేకు మీద వివరం రాయించాలి. ఆ పని బాబాయి తీసుకున్నారు. ఒక సాయంత్రం ఫోను చేశారు.

"పేరు ఏమని వేయించమంటావమ్మా? మన ఇంట్లో పిలిచినట్టా, వాళ్లు రాసినట్టా?"

"మనం పిలిచినట్టు పైన వేయించండి బాబాయి. వాళ్లు రాసినది కింద, అంచు మీద ఎలా ఉంటే అలా."

కొంతసేపు మాట లేదు. వెనకాల పిన్ని ఎవరితోనో మాట్లాడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"భూతద్దం పెట్టి నేనూ చూశానులే నిన్న. ఆ మొదటి మాట బాగానే కనపడుతోంది, అరగలేదు," అన్నారు. "రేకు చెక్కేవాడు పేరు పెద్దగా వేసి, కూలీ అన్నది చిన్నగా వేస్తానన్నాడు. రెండూ ఒకే కొలత ఉండాలని చెప్పి వచ్చాను."